అమ్మ కాళ్ళ కింద పీట

మిస్టర్ బీన్ సినిమా చూసినవాళ్ళకి ఒక బొమ్మ గుర్తుండే ఉంటుంది. 1997లో వచ్చిన ఆ సినిమాలో బీన్ గారు మ్యూజియంలోని ఒక అమూల్యమైన చిత్రం మీద తుమ్ముతాడు. దాన్ని తుడవబోయి మొత్తం పాడుచేస్తాడు. మన పిల్లలు పడీ పడీ నవ్విన ఆ సన్నివేశంలోని బొమ్మ సినిమావాళ్ళ కల్పన కాదు. నల్లటి దుస్తులు, తెల్లటి లేసు టోపీ, పక్కకి తిరిగి కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ. 'విస్లర్ గారి అమ్మ' అంటే చాలు, అమెరికాలో చిత్రకళతో ఏమాత్రం సంబంధం లేనివాళ్ళు కూడా గుర్తుపడతారు. ఆ బొమ్మ వేసినవాడు జేమ్స్ మెక్‌నీల్ విస్లర్ (1834-1903).

నేను చిత్రకళ చదువుకున్నవాణ్ణి కాను. ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్ళుగా మసాచుసెట్స్‌లో సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. విస్లర్ మీద ఆసక్తి కలగడానికి మొదటి కారణం ఇరుగుపొరుగు అభిమానమే. అతను పుట్టిన లోవెల్ మాకు దగ్గర. వర్దెన్ వీధిలోని ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అక్కడికి ఒకసారి వెళ్ళి వచ్చాక అతని జీవితం గురించి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఇది మనకు బాగా తెలిసిన కథే అనిపించింది. ఇంజనీరు తండ్రి, చదువులో తప్పిన కొడుకు, పరాయి దేశంలో కాపురం, సముద్రం దాటి కొడుకు దగ్గరికి వచ్చిన తల్లి. ఇందులో మనకు తెలియనిది ఏముంది?

ఇంజనీరు గారి సంసారం

విస్లర్ తండ్రి జార్జ్ వాషింగ్టన్ విస్లర్ వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో చదివిన ఇంజనీరు. అమెరికాలో రైలు మార్గాలు వేయడం అప్పుడప్పుడే మొదలైన రోజులు. లోవెల్ నూలు మిల్లుల ఊరు. అక్కడ ఆయన రైలు ఇంజన్లు తయారు చేయించాడు. తరువాత పశ్చిమ మసాచుసెట్స్ కొండల్లోంచి ఆల్బనీ వైపు వెళ్ళే రైలు మార్గానికి రూపకల్పన చేశాడు. బెర్క్‌షైర్ కొండల్లో ఆయన కట్టించిన రాతి కమానుల వంతెనలు కొన్ని ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

తల్లి ఆనా మెక్‌నీల్ 1804లో నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్‌లో పుట్టింది. ఆమె అన్న కూడా ఇంజనీరే, జార్జ్‌కి స్నేహితుడు. జార్జ్ మొదటి భార్య ఆనాకు మంచి స్నేహితురాలు. ఆవిడ చనిపోయాక, 1831లో ఆనా జార్జ్‌ని పెళ్ళిచేసుకుంది. సవతి పిల్లలను సాకింది, తను అయిదుగురు మగపిల్లలను కన్నది. ఆ అయిదుగురిలో పెద్దవాడు మన జేమ్స్.

1842లో రష్యా చక్రవర్తి మొదటి నికొలస్ నుంచి జార్జ్‌కి పిలుపు వచ్చింది. సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి మాస్కో దాకా రైలు మార్గం వేయాలి. దూరం సుమారు 400 మైళ్ళు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అదొక పెద్ద విదేశీ ప్రాజెక్టు. ఆయన ముందు వెళ్ళాడు. ఏడాది తరువాత ఆనా పిల్లలను తీసుకుని బయలుదేరింది. ఇంతకుముందే, 1842లో, ఒక కొడుకు అమెరికాలో పోయాడు. ఇప్పుడు రష్యా ప్రయాణంలో దారిలోనే ఇంకొక పసివాడు పోయాడు. పీటర్స్‌బర్గ్‌లో పుట్టిన ఆఖరివాడు కూడా పసితనంలోనే పోయాడు. అయిదుగురిలో మిగిలినవాళ్ళు జేమ్స్, విలియం ఇద్దరే.

చలి దేశంలో, తెలియని భాష మధ్య ఆనా సంసారం నడిపింది. జేమ్స్‌కి బొమ్మల పిచ్చి. ఇంటికి వచ్చిన ఒక స్కాట్లండ్ చిత్రకారుడు పిల్లవాడికి అసాధారణమైన నైపుణ్యం ఉందని తల్లికి చెప్పాడు. 11 ఏళ్ళకే అతన్ని అక్కడి రాజాస్థాన కళా అకాడమీలో బొమ్మలు నేర్చుకోవడానికి చేర్పించారు. అంతా కుదురుకుంటోందనుకునేసరికి కలరా వచ్చింది. జార్జ్ జబ్బుపడి, కోలుకున్నట్లే కనిపించి, 1849 ఏప్రిల్‌లో పోయాడు. రైలు మార్గం పూర్తయి బళ్ళు నడిచింది 1851లో. అది చూడటానికి ఆయన లేడు. 44 ఏళ్ళ ఆనా ఇద్దరు పిల్లలతో అమెరికా తిరిగి వచ్చింది. ఆ రోజు నుంచి చనిపోయేదాకా ఆమె నల్లటి దుస్తులే వేసుకుంది. చిత్రంలో మనం చూసే నలుపు రంగు చిత్రకారుడి ఎంపిక కాదు, అది ఆమె 22 ఏళ్ళ వైధవ్యం.

కెమిస్ట్రీలో తప్పిన కొడుకు

తండ్రి చదివిన చోటే కొడుకూ చదవాలని ఎవరికి ఉండదు? 1851లో జేమ్స్ వెస్ట్ పాయింట్‌లో చేరాడు. బొమ్మలు గీయడంలో తరగతికి మొదటివాడు. క్రమశిక్షణలో మాత్రం ఆఖరివాళ్ళతో పోటీ. చివరికి కెమిస్ట్రీ పరీక్షలో తప్పాడు. 1854లో పంపించేశారు. అప్పుడు అక్కడ అధిపతిగా ఉన్నది, తరువాత అంతర్యుద్ధంలో దక్షిణాది సేనలను నడిపిన రాబర్ట్ లీ.

ఆ ఉత్తర్వు ఇంటికి చేరిన రోజు ఆనా ఇంట్లో ఎలా ఉండి ఉంటుందో మన తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఎంసెట్ ర్యాంకులతో పిల్లల భవిష్యత్తును కొలిచిన తరం మనది.

వాషింగ్టన్‌లో సముద్ర తీరాల పటాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం దొరికింది. రాగి రేకుల మీద యాసిడ్‌తో గీతలు దించే ఎచింగ్ విద్య అక్కడే నేర్చుకున్నాడు. పటాల అంచుల్లో మనుషుల ముఖాలు గీస్తూ కూర్చునేవాడు. ఆ ఉద్యోగం కొద్ది నెలలే. 1855లో ఓడెక్కి పారిస్ వెళ్ళిపోయాడు. అప్పటికి అతనికి 21 ఏళ్ళు. ఆ తరువాత 48 ఏళ్ళు బతికాడు గాని, పుట్టిన దేశంలో మళ్ళీ అడుగుపెట్టలేదు. విచిత్రమేమిటంటే, అతను జీవితాంతం అమెరికన్‌గానే చెప్పుకున్నాడు. తల్లి పుట్టింటి పేరు మెక్‌నీల్‌ను తన పేరు మధ్యలో చేర్చుకున్నాడు.

అమ్మ వస్తోంది

పారిస్ నుంచి లండన్ చేరిన విస్లర్ థేమ్స్ నది ఒడ్డున చెల్సీలో ఇల్లు తీసుకున్నాడు. అప్పటికే కొంత పేరు, కొంత అపకీర్తి వచ్చాయి. 1862లో వేసిన 'తెల్ల దుస్తుల అమ్మాయి' చిత్రాన్ని లండన్‌లోనూ పారిస్‌లోనూ తిరస్కరించారు. ఆ బొమ్మలో ఉన్నది జో హిఫర్నన్ అనే ఐరిష్ అమ్మాయి. అతని మోడల్, ప్రేయసి. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు.

అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది. తమ్ముడు విలియం దక్షిణాది సైన్యంలో వైద్యుడు. ఆనా ఆ కోడలికి జబ్బు చేస్తే దగ్గరుండి చూసుకుంది. కోడలు దక్కలేదు. అక్కడ ఇక ఉండలేక, తను పుట్టిన విల్మింగ్టన్ రేవులోనే, ఉత్తరాది నౌకల దిగ్బంధాన్ని తప్పించుకుని పోయే ఓడ ఎక్కింది. 1864 మొదటికల్లా లండన్ చేరింది. అప్పటికి ఆమెకు 59 ఏళ్ళు.

అమ్మ వస్తోందని తెలియగానే చెల్సీలో మొదలైన హడావిడి మనవాళ్ళకు చెప్తే నవ్వొస్తుంది. ఇల్లు అటకల దాకా దులపాలి, జోని వేరే చోట ఉంచాలి. ఆనా భక్తురాలు, ఆదివారాన్ని నిష్ఠగా పాటించే మనిషి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారనగానే అపార్ట్‌మెంట్ నుంచి ఏమేం సర్దేయాలో తెలిసిన బ్రహ్మచారులు మనలో ఎంతమంది లేరు!

ఆనా వచ్చి ఇంటికి ఒక పద్ధతి తెచ్చింది. కొడుకు స్నేహితులకు వండి పెట్టింది. అతని బదులు బొమ్మలు కొనేవాళ్ళకు మర్యాదగా ఉత్తరాలు రాసింది. లివర్‌పూల్ దగ్గరి స్పీక్ హాల్‌లో ఉండే ధనికుడు లేలండ్ కుటుంబంతో చుట్టరికం లాంటి స్నేహం కలుపుకుంది. విస్లర్ నోటి దురుసు మనిషి. పారిస్‌లో ఒకసారి సొంత బావనే దుకాణం అద్దంలోంచి అవతలికి తోశాడు. అలాంటివాడికి కొనేవాళ్ళు నిలిచారంటే అందులో ఈ తల్లి ఉత్తరాల పాత్ర తక్కువ కాదు. కొడుకు జీవితంలో తనకు నచ్చని భాగం ఒకటి ఉందని ఆమెకు తెలియకుండా ఉంటుందా? అయినా పదకొండేళ్ళు అతనితోనే ఉంది.

1871 వేసవి

ఆ ఏడాది ఒక రోజు బొమ్మకు కూర్చోవలసిన మోడల్ రాలేదు. తల్లి బొమ్మ వేయాలని విస్లర్‌కి ఎప్పటినుంచో ఉంది. ఆ సందు దొరికింది. మొదట నిలబెట్టి వేయాలనుకున్నాడు. ఆమెకు 66 ఏళ్ళు, ఆరోగ్యం అంతంతమాత్రం. రెండు మూడు రోజులు నిలబడింది గాని ఓపిక చాలలేదు. అప్పుడు కూర్చోబెట్టాడు. ప్రపంచానికి తెలిసిన ఆ భంగిమ కళాసిద్ధాంతంలోంచి పుట్టలేదు, అమ్మ కాళ్ళ నొప్పుల్లోంచి పుట్టింది.

విస్లర్ పని పద్ధతి వింతగా ఉండేది. రంగును బాగా పలచన చేసి, కాన్వాసులోకి ఇంకేటట్లు వేసేవాడు. నచ్చకపోతే ఆ రోజు పని మొత్తం గీకి తుడిచేసి మర్నాడు మళ్ళీ మొదలు. అంటే ఎదురుగా కూర్చున్న మనిషి కూడా మళ్ళీ మొదటినుంచి కూర్చోవాలి. ఆనా కదలకుండా కూర్చుంది. ఆ ముచ్చట్లన్నీ ఆమె తన చెల్లెలికి రాసిన ఉత్తరంలో ఉన్నాయి. కొడుకు పడే యాతన చూసి ఆమె లోపల ప్రార్థన చేసుకునేదట. చివరికి బొమ్మ కుదిరిందని అనిపించినప్పుడు విస్లర్ ఆనందం పట్టలేక తల్లిని ముద్దుపెట్టుకున్నాడట. అదే వేసవిలో, ఒక సాయంత్రం ఆమెతో కలిసి థేమ్స్ మీద పడవ ప్రయాణం చేసి వచ్చి, వెంటనే కుంచె పట్టుకుని నది మీది సంధ్యను చిత్రించాడు. అతనికి తరువాత ఎంతో పేరు తెచ్చిన రాత్రి చిత్రాల వరుస అలా మొదలైంది. అప్పుడూ పక్కన నిలబడి చూసింది ఆ తల్లే.

చిత్రం చిన్నదేమీ కాదు. ఎత్తు 144 సెంటీమీటర్లు, వెడల్పు 162. బూడిదరంగు గోడ. ఎడమవైపు పువ్వుల నల్ల తెర. గోడ మీద చట్రం కట్టిన బొమ్మ ఒకటి, అది 1859లో విస్లర్ స్వయంగా చేసిన థేమ్స్ రేవు ఎచింగ్. కుర్చీలో ఆనా. ఒడిలో చేతులు, చేతుల్లో తెల్ల రుమాలు. చూపు మనవైపు లేదు, ఎడమవైపు ఎక్కడికో. ఇంజనీరు కళ్ళతో చూస్తే అంతా నిలువు, అడ్డ గీతల కొలతే. తెర, చట్రం, గోడ అంచు, వీటి మధ్య మనిషి ఒక నల్లని త్రికోణం.

విస్లర్ కూడా అలాగే చూడమన్నాడు. అతని చిత్రాలకు పేర్లు సంగీతంలోంచి తీసుకునేవాడు. దీనికి పెట్టిన పేరు 'బూడిదరంగు, నలుపుల కూర్పు', ఆ తరువాతే 'చిత్రకారుడి తల్లి రూపం'. రంగులు ముందు, అమ్మ వెనుక. అది తన తల్లి బొమ్మ కావటం తనకు ముఖ్యమే గాని, ఆమె ఎవరన్నది చూసేవాళ్ళకు అనవసరమని తరువాత అచ్చులో కూడా వాదించాడు.

2015 వేసవిలో ఈ చిత్రం పారిస్ నుంచి మా రాష్ట్రంలోని విలియమ్స్‌టౌన్‌కు, క్లార్క్ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చింది. అప్పుడు మా అమ్మ మా దగ్గరే ఉంది. బెర్క్‌షైర్ కొండల మీదుగా కారులో తీసుకెళ్ళాను. నేను రంగులు, గీతలు, సంగీతం అంటూ చదివినదంతా వినిపించాను. అమ్మ చాలాసేపు మాట్లాడకుండా చూసింది. తరువాత ఆ పెద్దావిడ కాళ్ళ కింద పీట వేశారు చూశావా అని మాత్రం అంది.

నిజమే. కుర్చీ ముందు చిన్న పీట ఉంది. ఆనా పాదాలు దాని మీద ఉన్నాయి. ఎన్ని పుస్తకాలు చదివినా నేను దాన్ని కూర్పులో ఒక భాగంగానే చూశాను. నిలబడలేకపోయిన తల్లిని కూర్చోబెట్టిన కొడుకు, కాళ్ళు వేలాడకుండా పీట వేశాడు. తన అమ్మ ఎవరన్నది మనకు అనవసరమని వాదించినవాడి ప్రేమ ఆ పీటలో ఉంది. మా అమ్మ వెతికి పట్టుకున్నది దాన్నే.

తాకట్టులో అమ్మ

1872లో లండన్ రాయల్ అకాడమీ ఈ చిత్రాన్ని దాదాపు తిరస్కరించింది. సర్ విలియం బాక్సాల్ అనే సభ్యుడు, దీన్ని తీసుకోకపోతే తాను రాజీనామా చేస్తానంటే ఒప్పుకున్నారు. విస్లర్ ఆ తరువాత అక్కడ మళ్ళీ చిత్రం ప్రదర్శించలేదు. పొరుగునే ఉండే రచయిత థామస్ కార్లైల్ ఈ బొమ్మ చూసి, తనకూ అలాంటిది వేయడానికి ఒప్పుకుని కూర్చున్నాడు.

1875లో ఆనా ఆరోగ్యం దెబ్బతిని, సముద్రపు గాలి కోసం హేస్టింగ్స్‌కు మారింది. తరువాతి ఏళ్ళు కొడుక్కి గడ్డుకాలం. లేలండ్ భోజనశాలను నెమళ్ళతో నింపి డబ్బు దగ్గర గొడవపడ్డాడు. ఆ 'నెమలి గది' ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఫ్రియర్ గ్యాలరీలో ఉంది. విమర్శకుడు జాన్ రస్కిన్ తన చిత్రాన్ని ఎగతాళి చేశాడని పరువునష్టం దావా వేశాడు. 1878లో గెలిచాడు. వచ్చిన పరిహారం ఒక ఫార్దింగ్, అంటే పావు పెన్నీ. మన లెక్కలో దమ్మిడీ. కోర్టు ఖర్చులు నెత్తిన పడి 1879లో దివాలా తీశాడు. కొత్తగా కట్టుకున్న ఇల్లు పోయింది. తల్లి చిత్రం అచ్చుబొమ్మలు అమ్మే వ్యాపారి దగ్గర అప్పుకు హామీగా ఉండిపోయింది.

1881 జనవరి 31న ఆనా హేస్టింగ్స్‌లో కన్నుమూసింది. అదే ఏడాది ఆమె బొమ్మ సముద్రం దాటి ఫిలడెల్ఫియా ప్రదర్శనకు వెళ్ళింది. మరుసటి ఏడాది న్యూయార్క్‌కు. యుద్ధంలో దేశం వదిలి వెళ్ళిన తల్లి బొమ్మగా తిరిగి వచ్చింది. కొనేవాళ్ళు లేరు. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది.

1883లో పారిస్‌లో మూడో తరగతి పతకం వచ్చింది. 1891లో కవి మలార్మే వంటి మిత్రుల ప్రయత్నంతో ఫ్రెంచి ప్రభుత్వం 4,000 ఫ్రాంకులకు కొన్నది. ఆనాటి మారకం ప్రకారం సుమారు 160 పౌండ్లు. అదే ఏడాది కార్లైల్ బొమ్మకు గ్లాస్గో నగరం 1,000 గినీలు, అంటే 1,050 పౌండ్లు ఇచ్చింది. ఆరు రెట్లు తక్కువ ధర అయినా విస్లర్ సంతోషించాడు. డబ్బుకు అమ్మలేదు, అమ్మకు గౌరవం దొరికే చోటు చూశాడని నాకు అనిపిస్తుంది. అతను 1903లో లండన్‌లో చనిపోయి, చిజిక్ చర్చి ఆవరణలో ఖననమయ్యాడు. చిత్రం 1986 నుంచి పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది.

అమెరికాకు ఆలస్యంగా కళ్ళు తెరుచుకున్నాయి. 1932లో ఫ్రాన్స్ నుంచి అరువు తెచ్చుకున్న ఈ చిత్రం ఊరూరా తిరిగితే జనం బారులు తీరారు. ఆర్థిక మాంద్యం రోజులు. పనుల కోసం పిల్లలు ఎక్కడెక్కడికో పోయిన రోజులు. 1934లో తల్లుల గౌరవార్థం 3 సెంట్ల స్టాంపు మీద వేశారు. వేస్తూ బొమ్మను కత్తిరించి, మూల ఒక పూలకుండీ చేర్చారు. కత్తిరింపులో పోయినవాటిలో కాళ్ళ కింది పీట కూడా ఉంది! పెన్సిల్వేనియాలోని ఆష్‌లండ్‌లో 1938లో ఇదే భంగిమలో కంచు విగ్రహం నిలబెట్టారు. రంగులు ముందు, అమ్మ వెనుక అని విస్లర్ పెట్టిన పేరును లోకం తిరగేసింది. ఇప్పుడు ఆ అసలు పేరు ఎవరూ పలకరు. అమ్మ ఒక్కతే మిగిలింది.

మన ఇళ్ళలోని ఆనాలు

మన ఇళ్ళకూ అమ్మలు వస్తారు. ఆరు నెలల గడువుతో, రెండు సూట్‌కేసుల నిండా పచ్చళ్ళు, పొడులతో దిగుతారు. మనం ఆఫీసుకి, పిల్లలు బడికి వెళ్ళాక, లివింగ్ రూములో కిటికీ వైపు తిరిగి కూర్చుంటారు. కారు నడపలేరు, పొరుగువాళ్ళతో మాట కలపలేరు. పక్కనుంచి చూస్తే అచ్చం ఆనాలాగే ఉంటారు. నయాగరా ముందు నిలబెట్టి మనం తీసిన ఫొటోల్లో వాళ్ళు నవ్వుతూ మనవైపే చూస్తారు. ఆ కిటికీ దగ్గర ఎటు చూస్తున్నారో మాత్రం ఏ ఫొటోలోనూ ఉండదు.

విస్లర్ గొప్ప కొడుకేమీ కాదు. దాచినవి దాచాడు, అప్పులు చేశాడు, చివరికి బొమ్మను హామీగా కూడా పెట్టాడు. కానీ ఒక వేసవి ఆమె ఎదురుగా నిలబడి, ఆమెను తప్ప ఇంకేమీ చూడకుండా, తుడిచి మళ్ళీ గీస్తూ, తృప్తి కలిగేదాకా చూశాడు. అంతసేపు అమ్మను చూడటానికి చిత్రకారుడే కానక్కరలేదు. ఈ కన్వెన్షన్ హాల్లో కూడా చివరి వరుసల్లో, కార్యక్రమం సగం అర్థమై సగం అర్థంకాక, ఓపిగ్గా కూర్చున్న అమ్మలు ఉంటారు. వెళ్ళి పక్కన కూర్చోండి. వాళ్ళ ఊరి సంగతులు, పుట్టింటి సంగతులు అడిగి రాసుకోండి. ముందుగా, కాళ్ళ కింద ఏదైనా ఎత్తుగా ఉందేమో చూడండి.